సంతకం ఎన్ని గంటలకు పెట్టించారు? ఆరోగ్య శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

ఆస్పత్రుల్లో రోగుల హక్కులు ఎలా అమలవుతున్నాయో తనిఖీ చేసే పద్ధతి మార్చమని కోరుతున్నాం. మా పని కేస్ షీట్ల పరిశీలన. తనిఖీకి వచ్చేవారు గోడ మీద హక్కుల బోర్డు, ఫైల్లో ఆపరేషన్‌కు రోగి ఒప్పుకున్నట్టు అంగీకార పత్రం, దాని కింద సంతకం ఉన్నాయో లేదో చూసి టిక్కు పెట్టి వెళ్తారు. రోగికి విషయం అర్థమైందా లేదా అన్నది ఆ టిక్కుల్లో తెలియదు.

అంగీకార పత్రాన్నీ మందుల చార్టునూ పక్కపక్కన పెట్టి చూడమనండి. సంతకం 8.40కి, ఆపరేషన్‌కు ముందిచ్చే మిడజోలం ఇంజెక్షన్ 8.15కి అని ఉంటే ఆ సంతకం చెల్లదనే లెక్క. ఆ మందు మగత తెప్పిస్తుంది, ఆ కాసేపట్లో విన్నది గుర్తుండనివ్వదు. సమయం గడి ఖాళీగా ఉంటే అదీ లోపమే. చాలాసార్లు అది ఊరికే ఖాళీగా ఉండదని మా అనుమానం.

చేరిన రోజునే ఖాళీ ఫారాల కట్ట మీద సంతకాలు తీసుకుని, తర్వాత నింపే అలవాటు ఇంకొకటి. సంతకానికి ఒక పెన్ను, వివరాలకు మరో పెన్ను వాడి ఉంటే అక్కడ ఆగి అడగాలి. ఆపరేషన్ పేరు పొడి అక్షరాల్లో రాసి, కుడి మోకాలో ఎడమ మోకాలో రాయని పత్రాలూ ఉంటాయి.

వివరించాల్సింది ఆపరేషన్ చేసే డాక్టరు, లేదా ఆ చికిత్స బాగా తెలిసిన మరో డాక్టరు. ఆ పని కాస్తా నర్సు మీద పడుతుంది. ప్రమాదమేమైనా ఉందా అని రోగి అడిగితే “డాక్టర్ గారు చూసుకుంటారు” అనడం తప్ప ఆమెకు దారి లేదు. తప్పు ఆమెది కాదు, వివరించడానికంటూ డాక్టరుకు వేళ కేటాయించని యాజమాన్యానిది. “అర్థమైందా?” అంటే ఎవరైనా “అయిందండీ” అంటారు. “ఏం చేయబోతున్నారని ఇంట్లోవాళ్లకు చెబుతారు?” అని అడిగి, రోగి చెప్పిన జవాబును అతని మాటల్లోనే ఫారంలో రాయించండి. స్పృహలేని రోగికి ప్రాణాపాయం ఉన్నప్పుడు, తరఫున మాట్లాడేవారూ అందుబాటులో లేకపోతే, ఈ అంగీకారం కోసం ఆగక్కర్లేదు. అప్పుడు కారణం, సమయం రాసి డాక్టరు సంతకం చేస్తే చాలు.

చికిత్స వద్దనే హక్కును ప్రపంచ వైద్య సంఘం రోగుల హక్కులపై 1981లో చేసిన లిస్బన్ ప్రకటనలోనే గుర్తించింది. అయినా సలహా కాదని వెళ్లేవారి చేత “బాధ్యత మాదే” అని రాయించుకుని, మందుల చీటీ కూడా ఇవ్వకుండా పంపడం ఉంది. అలా వెళ్లినవారి ఫైళ్లు విడిగా తెప్పించి, డిశ్చార్జి సమ్మరీ, వాడాల్సిన మందులు, మళ్లీ రావాల్సిన తేదీ ఇచ్చారో లేదో చూడాలి.

ఫిర్యాదుల పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా అడగమనండి. ఫిర్యాదు ఏ విభాగం మీదో ఆ విభాగాధిపతి దగ్గరే ఉంటే పెట్టె ఉండీ లేనట్టే.

తనిఖీకి 20 కేస్ షీట్లు చాలు. ఆస్పత్రి ఏరి ఇచ్చినవి కాకుండా, రిజిస్టరులోంచి మీవాళ్లే ఎంచుకోవాలి. ఎన్నింట్లో సంతకం మత్తు మందు కన్నా ముందు పడిందో ఆ అంకెను ఆస్పత్రి పేరుతో సహా బయటపెట్టండి.

ఇట్లు,
కేస్ షీట్ల పరిశీలకులు