‘సి’ ఎందుకు తప్పో కూడా అచ్చువేయండి

సంపాదకులకు నమస్కారం.

పోటీ పరీక్షల పేజీలో మీరు వేసే ఇంగ్లిష్ బిట్లను శ్రీకాకుళం, టెక్కలి, పాలకొండ స్టడీ హాళ్లలో పిల్లలు కత్తిరించి దాచుకుంటారు. అంత నమ్మకంతో చదివే పేజీ కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాం. టెన్స్‌ల బిట్లకు కింద ‘1-బి, 2-డి, 3-ఎ’ అని కీ మాత్రమే ఉంటోంది. బి ఎందుకు ఒప్పో, సి ఎందుకు తప్పో చెప్పకపోతే చదివినవాడికి మిగిలేది ఆ ఒక్క బిట్టు జవాబే. పరీక్షలో ఆ బిట్టే మళ్లీ రాదు.

కారణం ఎవరూ చెప్పకపోవడంతో పిల్లలు గుర్తు మాటలు వెతకడానికి అలవాటు పడ్డారు. ‘సిన్స్’ కనబడితే ‘హాజ్ బీన్’, ‘నౌ’ ఉంటే ఐఎన్‌జీ, ‘ఎవ్రీ డే’ ఉంటే సింపుల్ ప్రెజెంట్. గైడ్లలో ఈ పట్టికలే ఉంటాయి. తేలిక బిట్లు వీటితో వచ్చేస్తాయి కనుక అలవాటు వదలదు. ప్రశ్న తయారుచేసేవారికీ ఆ పట్టిక తెలుసు, ఉచ్చు సరిగ్గా అక్కడే పెడతారు. ‘సిన్స్ హీ వజ్ ఇల్, హీ ______ ఎట్ హోమ్’ అన్నచోట సిన్స్‌కు అర్థం ‘కాబట్టి’. జవాబు ‘స్టేడ్’. ‘లాస్ట్ ఇయర్ షీ ______ టు కాలేజ్ ఎవ్రీ డే’ అంటే ‘వాక్డ్’, ఎందుకంటే ఆ రోజులన్నీ పోయిన ఏడాదివి. ‘ఐ ______ ద ఆన్సర్ నౌ’లో నౌ ఉన్నా ‘యామ్ నోయింగ్’ కుదరదు, ‘నో’ అనాలి. తెలిసి ఉండడం పని కాదు, స్థితి. బిలాంగ్, కన్సిస్ట్, ఓన్ కూడా ఈ కోవలోవే. ‘హావ్’ రెండు వైపులా ఉంటుంది: ‘హావింగ్ లంచ్’ సరే, అక్కడ తినడం అనే పని ఉంది. ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ తప్పు.

అన్నిటికన్నా ఎక్కువ మార్కులు పోయేది సింపుల్ పాస్ట్‌కూ ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కూ మధ్య. తెలుగులో ‘వెళ్లాడు’ ఒక్కటే రెండింటి పనీ చేస్తుంది. ‘నిన్న బొబ్బిలి వెళ్లాడు’ అన్నా, ‘ఇంట్లో లేడు, బొబ్బిలి వెళ్లాడు’ అన్నా క్రియ మారదు. ఇంగ్లిష్‌లో మొదటిది ‘వెంట్’, రెండోది ‘హాజ్ గాన్’. గడిచిపోయిన సమయాన్ని వాక్యం పేరుపెట్టి చెబితే (యెస్టర్‌డే, ఇన్ 2019, టూ డేస్ అగో) హావ్, హాజ్ రాకూడదు. సమయం చెప్పకుండా, ఆ పని ఫలితం ఇప్పుడు ఉందంటే పర్ఫెక్ట్. మూడో రకం వాక్యం ఇంకా తికమక. ‘పదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాం’ అని మనం వర్తమానంలో చెబుతాం. అందుకే మనవాళ్ల చేతులు ‘వి ఆర్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ మీదికే పోతాయి. అందులో తప్పులు రెండు. వెనక మొదలై ఇప్పటిదాకా సాగుతోంది కనుక ‘హావ్ బీన్ లివింగ్’ అనాలి. పదేళ్లు అనేది వ్యవధి కనుక ‘ఫర్’ రావాలి. సిన్స్ తరవాత 2015, మండే, చైల్డ్‌హుడ్ లాంటి మొదలైన బిందువే వస్తుంది.

ఈ చోటే పత్రికల బిట్లు పిల్లలకు అన్యాయం చేస్తున్నాయి. ‘హీ ______ ఇన్ పలాస ఫర్ టెన్ ఇయర్స్’ అని వేసి, ఆప్షన్లలో ‘లివ్డ్’, ‘హాజ్ లివ్డ్’ రెండూ పెట్టి, రెండోదే ఒప్పని కీ ఇస్తే ఎలా? ఉండి వెళ్లిపోయాడంటే మొదటిది సరైనది, ఇంకా ఉన్నాడంటే రెండోది. ఉన్నాడో లేడో వాక్యం చెప్పలేదు. చివర ‘అండ్ స్టిల్ లివ్స్ దేర్’ అనో, ‘బిఫోర్ హీ మూవ్డ్ టు విశాఖ’ అనో చేరిస్తే జవాబు ఒక్కటే అవుతుంది. ‘దిస్ మార్నింగ్’తో వేసే బిట్లదీ ఇదే ఇబ్బంది. మాట్లాడేటప్పటికి పొద్దు గడిచిందా లేదా అన్నదాన్ని బట్టి రెండూ నిలుస్తాయి.

పాస్ట్ పర్ఫెక్ట్ దగ్గర కూడా ఇంతే. ‘ద ట్రెయిన్ ______ బిఫోర్ వి రీచ్డ్ ద స్టేషన్’ అన్నచోట ‘హాడ్ లెఫ్ట్’ కీలో ఉంటుంది. ‘లెఫ్ట్’ కూడా వ్యాకరణంగా తప్పు కాదు, ముందూ వెనకా ఏదో ‘బిఫోర్’ అప్పటికే చెప్పేసింది. అసలు తేడా ‘వెన్’తో తెలుస్తుంది. ‘వెన్ వి రీచ్డ్ ఆమదాలవలస, ద ట్రెయిన్ హాడ్ లెఫ్ట్’ అంటే మనం ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కు చేరేసరికే బండి లేదు. ‘ద ట్రెయిన్ లెఫ్ట్’ అంటే మనం చేరాక కదిలింది. పిల్లవాడికి నేర్పాల్సింది ఈ తేడా.

‘ఇఫ్, వెన్ తరవాత విల్ రాదు’ అనే సూత్రాన్ని మా జిల్లాలో బట్టీ పట్టనివారు లేరు. ‘ఇఫ్ ఇట్ ______ టుమారో’కు ‘రెయిన్స్’ అని దాంతో సరిగానే పెడతారు. ‘ఐ డోంట్ నో వెన్ హీ ______’ వచ్చేసరికి అదే సూత్రం ముంచుతుంది. ఇక్కడ ‘విల్ కమ్’ ఒప్పు. దీనికి తెలుగే దారి చూపిస్తుంది. వాక్యాన్ని తెలుగులో అనుకుంటే ‘పడితే’, ‘వచ్చినప్పుడు’, ‘రాగానే’, ‘వచ్చేదాకా’ లాంటి రూపం వస్తోందంటే విల్ వద్దు. ‘ఎప్పుడొస్తాడో’, ‘వస్తాడో లేదో’ అని ఓకారంతో వస్తోందంటే విల్ ఉండొచ్చు. తెలుగు మీడియం పిల్లలకు ఇంత దగ్గరి దారి ఉండగా మేం చూసిన ఏ గైడులోనూ దీన్ని చెప్పకపోవడం మాకు బాధ కలిగిస్తుంది. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల మాట విని, ఆ వాడుకలోంచే వాళ్ల భాషకు వ్యాకరణం రాశారు. ఆయన జిల్లాలో పిల్లలకు వ్యాకరణం పట్టికలుగా మాత్రమే అందడం సరికాదు.

పాసివ్‌లో తప్పు కూడా మన వాక్యం నుంచే వస్తుంది. ‘నాగావళి వంతెన బాగుచేస్తున్నారు’ అంటాం, చేసేవాళ్లెవరో చెప్పం. ‘ద బ్రిడ్జ్ ______ నౌ’ అనగానే ‘ఈజ్ రిపేరింగ్’ పెడతారు. వంతెన తనంతట తాను దేన్నీ బాగుచేయదు కనుక ‘ఈజ్ బీయింగ్ రిపేర్డ్’.

పరీక్షలో టైము ఎంతో కూడా చూడాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) పెట్టే సీజీఎల్ పరీక్ష తొలి దశ టైర్-1లో 60 నిమిషాలకు 100 ప్రశ్నలు, అంటే సగటున ఒక్కోదానికి 36 సెకన్లు. అందులో ఇంగ్లిష్ 25. ఒప్పుకు 2 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. రెండు ఆప్షన్లను కారణంతో కొట్టేసి మిగిలిన రెండింట్లో ఒకటి పెట్టినా సగటున ముప్పావు మార్కు లాభం. నాలుగింట్లో గుడ్డిగా పెడితే దక్కేది మార్కులో ఎనిమిదో వంతు. కాబట్టి తప్పు ఆప్షన్‌ను కొట్టేయడం నేర్పితే అది నేరుగా మార్కులవుతుంది.

కొట్టేయడానికీ వరస ఉంది. ముందు ఆప్షన్ల మీదికి చూపు పోనివ్వకుండా ఫుల్‌స్టాప్ దాకా చదవాలి. ఖాళీకి అటూ ఇటూ ఏ రూపం ఉందో చూడాలి: ఖాళీ తరవాత ‘బీన్’ ఉంటే ఈజ్, వజ్, డిడ్ అక్కడికక్కడే పోతాయి. తరవాత కర్త ఏకవచనమో బహువచనమో. ‘ద లిస్ట్ ఆఫ్ నేమ్స్’లో కర్త లిస్ట్, నేమ్స్ కాదు. ఇవి రూపం చూసి తేల్చేవి, పది సెకన్ల పని. ఆ తరవాతే వాక్యంలోని రెండో క్రియ ఏ కాలంలో ఉందో, పని అయిపోయిందా, సాగుతోందా అని అర్థం వైపు వెళ్లాలి. మనవాళ్లు అర్థంతో మొదలుపెట్టి తెలుగు వాక్యంలో చిక్కుకుని టైమంతా అక్కడే పోగొట్టుకుంటారు.

మీరు వేసే బిట్ల సంఖ్య సగానికి తగ్గినా నష్టం లేదు. ప్రతి జవాబుకూ ఒక కారణం, ఎక్కువమంది పడే తప్పు ఆప్షన్‌కు ఒక కారణం ఇవ్వండి. అచ్చుకు ముందు ఆ బిట్లను, కీ చూడని మరో ఉపాధ్యాయుడి చేత చేయించండి. ఆయనకు రెండు జవాబులు ఒప్పనిపిస్తే ఆ బిట్టును సరిచేయండి, లేదా తీసేయండి. ఎలా ఉండాలో ఒక నమూనా ఇస్తున్నాం:

‘షీ ______ ద ఫామ్ టూ డేస్ అగో.’ ఎ) హాజ్ సబ్మిటెడ్ బి) సబ్మిటెడ్ సి) సబ్మిట్స్ డి) వజ్ సబ్మిటెడ్. జవాబు బి: ‘టూ డేస్ అగో’ గడిచిపోయిన సమయం. ఎ తప్పు: సమయం పేరుపెట్టి చెప్పాక హాజ్ రాదు. డి తప్పు: ఫామ్ ఇచ్చింది ఆమే, ఆమెను ఎవరూ ఎక్కడా ఇవ్వలేదు.

ఈ పద్ధతిలో వారానికి పది బిట్లు రాసి పంపడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

– కొందరు ఇంగ్లిష్ ఉపాధ్యాయులు, శ్రీకాకుళం