మా ఎస్టిమేట్ చీటీ మారింది: షట్టర్ పనికి ఏం అడగాలో, ఏం చూసుకోవాలో

షట్టర్లు, పార్కింగ్ డోర్ల పనులు మా దగ్గర చేయించుకునే అందరికీ నమస్కారం. ఈ నెల నుంచి మేమిచ్చే ఎస్టిమేట్ ఒక్క లైన్‌లో ఉండదు. ఇంతవరకు మేం కూడా అందరిలాగే "18 గేజ్ షట్టర్, చదరపు అడుగు ఇంత, ఫిట్టింగ్‌తో సహా" అని రాసి చేతిలో పెట్టేవాళ్లం. ఆ చీటీ పట్టుకుని మీరు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఇంకో నాలుగు దుకాణాలు తిరిగినా లాభం లేదు. అందులో రేటు ఉంటుంది కానీ ఆ రేటు దేనికో ఉండదు.

"అన్నా, పక్కాయన నలభై రూపాయలు తక్కువకే ఏస్తా అంటుండు గదా" అని రోజూ ఎవరో ఒకరు అంటారు. తక్కువకే వేస్తాడేమో. కానీ ఆయన ఎన్ని అడుగులకు లెక్క కడుతున్నాడు?

మీ దుకాణం ముందు ఖాళీ 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు అనుకుందాం. మీరు టేపు పెట్టి చూస్తే 80 చదరపు అడుగులు. షట్టర్ మాత్రం అంతకంటే పెద్దగానే ఉండాలి. షట్టర్ రేకు పట్టీలు రెండు పక్కలా గైడ్ (పట్టీల చివరలు జారే నిలువు ఇనుప కాలువ) లోపలికి దూరాలి, షట్టర్ చుట్టుకునే పై పైపు మీద కొంత చుట్ట మిగలాలి. గైడ్ల బయటి అంచు నుంచి అంచుకు పదిన్నర, చుట్టతో కలిపి ఎత్తు 9 అనుకుంటే 94.5 చదరపు అడుగులు అవుతుంది. ఇది న్యాయమైన కొలతే. కొందరు దీన్నే "రౌండ్ ఫిగర్" చేసి 11 ఇంటూ 10 అని 110 అడుగులు రాస్తారు. లెక్క కోసం మాత్రమే చెబుతున్నా: 300 రేటు మీద 94.5 అడుగులకు 28,350 అవుతుంది. 260 రేటు మీద 110 అడుగులకు 28,600. నలభై తగ్గించినాయనకే మీరు 250 ఎక్కువ ఇచ్చారన్నమాట. అందుకే మా కొత్త చీటీలో ఖాళీ కొలత, బిల్లు కొలత రెండూ పక్కపక్కనే ఉంటాయి. అంగుళాల్లోనే రాస్తాం, పైకి రౌండ్ చెయ్యం.

ఇక గేజ్ సంగతి. 18 గేజ్ అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల రేకు, 20 అంటే 0.9, 22 అంటే 0.7. నంబరు పెరిగేకొద్దీ రేకు పల్చన. గేజ్ నంబరు మాటల్లో ఎటైనా తిరుగుతుంది కాబట్టి మందం మిల్లీమీటర్లలో రాయించుకోండి. మెటల్ రోలింగ్ షట్టర్లకు ఐఎస్ 6248 అనే మన ప్రమాణం ఉంది. దాని ప్రకారం మూడున్నర మీటర్ల వెడల్పు వరకు, అంటే దాదాపు పదకొండున్నర అడుగుల వరకు, 0.9 రేకు సరిపోతుంది. అది దాటితే 1.2 ఉండాలి. కాబట్టి పదడుగుల దుకాణానికి 20 గేజ్ వేస్తే మోసమేమీ కాదు. 18 అని బిల్లు రాసి 20 బిగిస్తేనే మోసం. సామాను వచ్చిన రోజు, లారీ దించకముందే, వర్నియర్‌తో (రేకు మందం కొలిచే పరికరం) పట్టీ చివర కొలవమనండి. రెడ్ ఆక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే ఎర్ర రంగు) గీకేసి కొలవాలి, లేకపోతే రంగు మందం కూడా కలుస్తుంది. 1.15 వస్తే గొడవ పడొద్దు, రేకులో ఆ మాత్రం తేడా ఉంటుంది. 1.0 వస్తే మాత్రం లారీ దించకండి. వర్నియర్ లేకపోతే కాంటా చాలు: అదే పొడవు, అదే డిజైన్ పట్టీలైతే 0.9ది 1.2దానికంటే నాలుగో వంతు తక్కువ తూగుతుంది.

రిపేర్ల దగ్గరే అసలు రహస్యాలన్నీ. "షట్టర్ బరువెక్కింది" అని ఫోన్ రాగానే స్ప్రింగులు మార్చాలనేవాళ్లు చాలామంది. సగం కేసుల్లో తప్పు గైడ్లలోనే ఉంటుందని మా అంచనా. రోడ్డు దుమ్ము పాత గ్రీజులో కలిసి గట్టిపడుతుంది, వానాకాలం తర్వాత దానికి తుప్పు తోడవుతుంది. ముందు గైడ్లు గీకి, గుడ్డతో తుడిచి, పల్చగా గ్రాఫైట్ గ్రీజు రాయండి. ఇంజన్ ఆయిల్ పొయ్యకండి, నెల తిరిగేసరికి అదే దుమ్మును పట్టి బంకలా చేస్తుంది. ఆ తర్వాత షట్టర్‌ను నడుము ఎత్తుకు లేపి, చెయ్యి పూర్తిగా తియ్యకుండా మెల్లగా వదలండి. అక్కడే నిలబడితే స్ప్రింగులు బాగున్నట్టే, దుకాణాలు తిరగాల్సిన పని లేదు. కిందికి జారిపోతే స్ప్రింగు బలం తగ్గింది, లేదా ఒకటి తెగింది. బలం తగ్గినదాన్ని చాలాసార్లు ఒకట్రెండు చుట్లు బిగిస్తే సరిపోతుంది, దానికి కూలీ మాత్రమే అవుతుంది. తెగితే కొత్తది వెయ్యాలి. అప్పుడు పైపు మీద మొత్తం ఎన్ని స్ప్రింగులున్నాయో, ఎన్ని మారుస్తున్నారో చీటీలో అంకెల్లో ఉండాలి. పాతవి మీకు చూపించాలి. పైపు రెండు చివరలను మోసే బ్రాకెట్ల బోల్టులు మాత్రం మీరు ముట్టుకోకండి. బిగుతు మీదున్న స్ప్రింగు ఒక్కసారిగా తిరిగితే చెయ్యి విరుగుతుంది.

షట్టర్ ఒక పక్కకు వాలి ఇరుక్కుంటుంటే స్ప్రింగుకంటే ముందు పట్టీల చివర ఉండే క్లిప్పులు చూడాలి. అవి ఊడిపోతే పట్టీలు పక్కకు జరిగి గైడ్‌ను ఒరుసుకుంటాయి. బండి తగిలి గైడ్ అంచు విచ్చుకుంటే కొట్టి సరిచెయ్యొచ్చు, మడత దగ్గర పగిలితే ఆ ముక్క కోసి కొత్తది వెల్డింగ్ చెయ్యాలి.

కింది పట్టీలు తుప్పు పట్టాయని మొత్తం షట్టర్ మార్చమంటే వెంటనే ఒప్పుకోకండి. గడప దగ్గర నీళ్లు నిలిచే చోట బాటమ్ పట్టీ, దాని పైన మూడో నాలుగో పట్టీలు ముందు పోతాయి. గైడ్ తీసి పాతవి పక్కకు లాగి కొత్తవి దూర్చొచ్చు. ఇందులో ఒక చిక్కుంది. పట్టీల మడత ఒక్కో రోలింగ్ మిషన్‌కు ఒక్కోలా ఉంటుంది. 75 మిల్లీమీటర్లదీ 80దీ ఒకదానిలో ఒకటి ఇమడవు. అందుకే పాతదాని ఆరంగుళాల ముక్క కోసి తీసుకెళ్లి సరిపోయేది వెతకాలి. "దొరకదు" అని ముక్క చూడకుండానే చెప్పేవాళ్లను నమ్మకండి, మమ్మల్ని కూడా. నడుమ భాగంలో మడతలు తుప్పుకు తినేసి ఒకదాన్నుంచి ఒకటి విడిపోతుంటే మాత్రం రిపేర్ డబ్బులు దండగ. అప్పుడు కొత్తదే.

మొత్తం మార్చేటప్పుడు ఎవరూ మాట్లాడని డబ్బు పాత ఇనుము. మనం చెప్పుకున్న సైజు 18 గేజ్ షట్టర్, పైపు, గైడ్లతో కలిపి వంద కిలోలు దాటుతుంది. "పాతది మేమే తీసుకెళ్తాం" అనే మాట సాయంలా వినిపిస్తుంది కానీ అది రేటులో భాగం. తూకం వేసి, ఆ రోజు స్క్రాప్ రేటుకు లెక్కకట్టి, బిల్లులో తీసేయించుకోండి, లేదా మీరే అమ్ముకోండి. మేం ఇదివరకు ఇది విడిగా రాసేవాళ్లం కాదు. ఇప్పుడు రాస్తున్నాం.

చీటీలో ఇంకా ఏముండాలంటే, గైడ్లు దేనికి బిగిస్తారో ఉండాలి. కాంక్రీటు పిల్లరైతే యాంకర్ బోల్టులు నిలుస్తాయి, బోలు ఇటుక గోడైతే కొన్నాళ్లకు వదులవుతాయి. బ్రాకెట్ల కింద కాంక్రీటో ఇనుప పోస్టో ఉండాలి. గోడ పగలగొట్టి మళ్లీ ప్లాస్టరింగ్ చేసేది ఎవరు, పైన చుట్టను కప్పే బాక్స్ కవర్ ఉందా, రంగు ఒట్టి రెడ్ ఆక్సైడేనా లేక ఎనామెల్ కూడానా, రవాణా, 18 శాతం జీఎస్టీ కలిపారా విడిగానా, అన్నీ రాయాలి. షట్టర్ 86 చదరపు అడుగులు దాటితే బేరింగులు అడగండి. 129 దాటితే చేత్తో లేపే షట్టర్ వద్దు, గేరు చైనో మోటారో కావాలి.

మోటారు పెట్టించుకునేవాళ్లు దాని కిలోల రేటింగ్ షట్టర్ బరువు కంటే ఎంత ఎక్కువుందో చూడండి. కరెంటు పోతే లేపడానికి చైన్ ఉందా? మోటారుకు, కంట్రోల్ బోర్డుకు వారంటీ వేరువేరా? వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు ముందు పోయేది బోర్డే, వారంటీలో తరచూ మినహాయించేదీ అదే.

తెల్లాపూర్, నార్సింగి వైపు విల్లాల్లో ప్యానెల్ డోర్లు (పెద్ద పలకలుగా పైకి జరిగే పార్కింగ్ డోర్లు) ఉన్నవాళ్లకు ఒక్క మాట. మోటారు మూలుగుతూ డోర్ లేపకపోతే మోటారు కాలిందని తీర్మానించకండి. డోర్ పైనున్న టార్షన్ స్ప్రింగును కింద నిలబడే చూడండి. చుట్ల మధ్య ఒకచోట రెండంగుళాల సందు కనిపిస్తే తెగింది స్ప్రింగు. మామూలు స్ప్రింగుకు పదివేల సార్లు తెరిచి మూసే ఆయుష్షు ఉంటుంది. రోజుకు నాలుగుసార్లయితే ఏడేళ్ల లోపే. రెండు స్ప్రింగులుంటే రెండూ కలిపే మార్చాలి, రెండోదానికీ అదే వయసు కాబట్టి. ఇక్కడ మాత్రం ఖర్చు తగ్గించుకోమని మేం చెప్పం. తెగిన స్ప్రింగుతో డోర్‌ను చేత్తో గానీ మోటారుతో గానీ లేపొద్దు, మొత్తం బరువు మీ మీదికే వస్తుంది.

వచ్చి చూసినందుకు ఇకపై 300 తీసుకుంటాం, పని మాకిస్తే బిల్లులో తగ్గిస్తాం. ఇవ్వకపోయినా కొలతల చీటీ మీదే, ఎవరికైనా చూపించుకోండి. రాకముందే ఒక అంచనా కావాలంటే వాట్సాప్‌లో నాలుగు ఫొటోలు పంపండి: బయట నుంచి మూసి ఉన్న షట్టర్, లోపల నుంచి పైన చుట్ట, రెండు గైడ్ల కింది చివరలు, టేపు పెట్టిన వెడల్పు. లోపలి చుట్ట ఫొటో లేకుండా స్ప్రింగుల రేటు చెప్పమని మాత్రం అడగకండి, చెబితే అది ఊహే అవుతుంది.