హోల్డ్‌లో గాలి లెక్క: చిన్నూకి అమ్మ ఉత్తరం

నాన్నా చిన్నూ,

నువ్వు పంపిన సిమ్యులేటర్ ట్రాక్ ఫోటో చూశాను. హోల్డ్ అంటే వీవోఆర్ (నేల మీది రేడియో స్టేషన్) దగ్గర రేస్‌ట్రాక్ ఆకారంలో చుట్లు తిరుగుతూ ఆగి ఉండటమే కదా: దాని వైపు వచ్చే లెగ్గు ఇన్‌బౌండ్, దూరంగా పోయేది అవుట్‌బౌండ్. నాలుగు చుట్లలోనూ ఇన్‌బౌండ్ టర్ను ముగిసేసరికి లైను దాటి ఉత్తరానికి పోయావు. ఎత్తు మాత్రం ఎక్కడా 60 అడుగులకి మించి కదల్లేదు, స్పీడు కుదురుగా ఉంది. అంటే నీ చేతులు బాగానే ఉన్నాయి రా. తేడా అంతా గాలి లెక్కలో ఉంది, ఆ లెక్క వేసిన వేళలో ఉంది. ఫోనులో చెబితే సగం మర్చిపోతావని రాసి పంపుతున్నా. కాగితం, పెన్సిలు పక్కన పెట్టుకుని చదువు.

నీ హోల్డే తీసుకుందాం. వీవోఆర్ మీద ఇన్‌బౌండ్ ట్రాక్ (నేల మీద గీసే దారి) 090 డిగ్రీలు, అంటే తూర్పుకి, కుడి టర్నులు, ట్రూ ఎయిర్ స్పీడ్ (గాలిలో అసలు వేగం) 100 నాట్స్ (గంటకి 100 నాటికల్ మైళ్లు), గాలి 150 డిగ్రీల దిక్కు నుంచి 20 నాట్స్. ముందు మ్యాక్సిమమ్ డ్రిఫ్ట్, అంటే గాలి నిన్ను దారినుంచి పక్కకి తోసే అతి పెద్ద కోణం: గాలి వేగాన్ని 60తో హెచ్చవేసి నీ స్పీడుతో భాగించు. 12 డిగ్రీలు. ఇది గాలి సరిగ్గా పక్కనుంచి కొడితే వచ్చే డ్రిఫ్ట్. ఇన్‌బౌండ్‌లో గాలి నీ ముక్కుకి 60 డిగ్రీలు కుడిపక్కన ఉంది కాబట్టి అందులో 10 వరకూ వస్తుంది. ఇన్‌బౌండ్ హెడింగ్ (ముక్కు చూసే దిక్కు) 100. ఇక్కడిదాకా నువ్వూ సరిగ్గానే వేశావు.

అవుట్‌బౌండ్‌లో కూడా అదే 10 డిగ్రీలు పెట్టి 260 పట్టుకున్నావు చూడు, తప్పు అక్కడ జరిగింది. ఆ 10 డిగ్రీలు అవుట్‌బౌండ్ లెగ్గు వరకే సరిపోతాయి. కానీ రెండు టర్నులూ కలిపితే రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ రెక్క వంచి తిరుగుతూ ఉంటావు, గాలికి ఎదురు పెట్టడానికి వీల్లేదు. 17 నాట్స్ పక్కగాలి రెండు నిమిషాల్లో నిన్ను అర మైలుకి పైగా ఉత్తరానికి తోసేస్తుంది. ఆ అప్పు కూడా అవుట్‌బౌండ్‌లోనే తీర్చాలి. లెగ్గుది ఒక వంతు, టర్నులవి రెండు వంతులు, మొత్తం మూడు రెట్లు. 30 డిగ్రీలు గాలి వైపుకి, అంటే 240. "ట్రిపుల్ డ్రిఫ్ట్" అని బట్టీపట్టడం కాదు, ఆ మూడు ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే గాలి ఎటు మారినా తడబడవు.

దీనివల్ల ఇంకో సంగతి మారుతుంది. వీవోఆర్ దాటాక నువ్వు తిరగాల్సింది 180 డిగ్రీలు కాదు. 100 నుంచి 240కి, 140 డిగ్రీలే. సెకనుకి 3 డిగ్రీల చొప్పున 47 సెకన్లలో అయిపోతుంది. అలవాటుగా నిమిషం తిప్పితే హెడింగ్ దాటిపోతావు. తిరుగు టర్ను 220 డిగ్రీలు, 73 సెకన్లు పడుతుంది. అది ఇంకా అవ్వలేదేంటని కంగారుపడి బ్యాంక్ (రెక్క వంపు) పెంచకు. 100 నాట్స్ దగ్గర స్టాండర్డ్ రేట్‌కి, అంటే సెకనుకి ఆ 3 డిగ్రీలకి, 15 డిగ్రీల బ్యాంక్ చాలు: స్పీడులో పదో వంతు, దానికి దాని సగం కలుపు. అదే 90 నాట్స్ అయితే పదమూడున్నర.

ఇక టైము. వీవోఆర్‌కి పక్కన వచ్చినప్పుడు గానీ, రెక్కలు సమానం చేసి అవుట్‌బౌండ్ హెడింగ్ పట్టినప్పుడు గానీ, రెండింట్లో ఏది తర్వాతైతే అప్పుడు గడియారం నొక్కు. అవుట్‌బౌండ్‌లో 10 నాట్స్ తోకగాలి ఉంది కాబట్టి నాట్‌కి ఒక సెకను తీసేసి 50 సెకన్లతో మొదలుపెట్టు. ఇది మొదటి అంచనా మాత్రమే. టర్నుల్లో కూడా గాలి నిన్ను పడమటికి మోస్తుంది కదా, అందుకే ఇన్‌బౌండ్ 60 రాదు, సుమారు 68 సెకన్లు వస్తుంది. ఎక్కువొచ్చిన 8 సెకన్లు తర్వాతి చుట్టులో అవుట్‌బౌండ్ నుంచి కోసెయ్. 42 సెకన్లు. అప్పుడు ఇన్‌బౌండ్ నిమిషానికి దగ్గరగా కూర్చుంటుంది. ప్రతి చుట్టూ ఇన్‌బౌండ్ టైము మోకాలి మీది కాగితం మీద రాయి. రాయకపోతే మూడో చుట్టుకి మొదటిది గుర్తుండదు.

ఎంట్రీకి, అంటే హోల్డ్‌లోకి ఎలా దూరాలో తేల్చడానికి, పటం గీసుకునేంత తీరిక కాక్‌పిట్‌లో దొరకదు. హెడింగ్ ఇండికేటర్ మీదే చూసుకో. కుడి హోల్డ్ అయితే, అవుట్‌బౌండ్ ట్రాక్ అంకె, అంటే 270, డయల్ మీద ఎక్కడుందో చూడు. పైనుంచి కుడివైపు 70 డిగ్రీల లోపు ఉంటే టియర్‌డ్రాప్ (అవుట్‌బౌండ్‌కి 30 డిగ్రీలు వారగా హోల్డ్ వైపుకి పోయి తిరిగి రావడం). పైనుంచి ఎడమవైపు 110 లోపు ఉంటే ప్యారలల్ (అవుట్‌బౌండ్ దిక్కుకే పోయి వెనక్కి తిరగడం). మిగతా సగంలో ఉంటే డైరెక్ట్ (నేరుగా హోల్డ్‌లోకి తిరగడం). ఎడమ హోల్డ్‌కి ఇదంతా అద్దంలో చూసినట్టు తిరగేసుకో. హద్దుకి అటూ ఇటూ 5 డిగ్రీల వెసులుబాటు ఉంది, అక్కడ ఏది తేలికైతే అది చెయ్. ఉదాహరణకి 220 హెడింగ్‌తో వస్తున్నావనుకో. 270 పైనుంచి కుడికి 50 డిగ్రీల్లో ఉంది, టియర్‌డ్రాప్. ట్రాక్ 240. ఈ గాలి దానికి సరిగ్గా ఎడమ పక్కనుంచి కొడుతుంది, మొత్తం 12 డిగ్రీలూ తీసెయ్, హెడింగ్ 228. ఒక నిమిషం అయ్యాక కుడికి తిరిగి ఇన్‌బౌండ్ పట్టుకో.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఈ అంకెలన్నీ వీవోఆర్ చేరడానికి కనీసం మూడు నిమిషాల ముందే కాగితం మీద ఉండాలి: ఎంట్రీ హెడింగ్, అవుట్‌బౌండ్ హెడింగ్, అవుట్‌బౌండ్ సెకన్లు, ఇన్‌బౌండ్ హెడింగ్. నాలుగే అంకెలు. స్పీడు కూడా అప్పటికే తగ్గి, ట్రిమ్ అయిపోయి ఉండాలి. వీవోఆర్ మీదకొచ్చాక లెక్క మొదలుపెడితే కళ్లు కాగితం మీదకి పోతాయి. మేఘంలో సెకనుకి 2 డిగ్రీల కంటే నెమ్మదిగా తిరిగే టర్నుని మన లోపలి చెవి పసిగట్టదు. నువ్వు కూడిక చేస్తున్నంతసేపూ విమానం మెల్లగా వాలుతూనే ఉంటుంది, నీకు మాత్రం నిటారుగానే ఉన్నట్టనిపిస్తుంది. 1954లో అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లు ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ లేని 20 మందిని పరికరాల మీదే ఎగరమన్నారు. 20 మందీ అదుపు తప్పారు, సగటున 178 సెకన్లలో. నీకు శిక్షణ ఉంది నిజమే. కానీ ఆటిట్యూడ్ ఇండికేటర్ (విమానం వాలు చూపే పరికరం) మీదనుంచి చూపు పక్కకి పెట్టినంతసేపూ నువ్వూ వాళ్లలో ఒకడివే నాన్నా. అందుకే అమ్మకి ఈ నాలుగు అంకెల మీద ఇంత పట్టుదల.

వీవోఆర్ దాటేటప్పుడు నీడిల్ అటూ ఇటూ ఊగుతుంది. ఊగింది కదాని తిప్పెయ్యకు. జెండా టు (స్టేషన్ వైపు) నుంచి ఫ్రమ్‌కి (స్టేషన్ నుంచి దూరంగా) మారేదాకా హెడింగ్ గట్టిగా పట్టుకో. మారాక అదే వరుస: టైమ్, టర్న్, ట్విస్ట్, థ్రాటిల్, టాక్. ట్విస్ట్‌లో ఓబీఎస్ (కావాల్సిన ట్రాక్ పెట్టే నాబ్) మీద 090 ఉందా అని వేలు పెట్టి చూడు. 270 ఉండిపోతే ఇన్‌బౌండ్‌లో నీడిల్ తిరగబడి చూపిస్తుంది, నువ్వు దిద్దేకొద్దీ లైనుకి దూరమవుతావు. టాక్ ఆఖర్న. కంట్రోలర్ రెండు సెకన్లు ఆగగలడు, బ్యాంక్ ఆగదు.

ఐఎల్‌ఎస్‌లో (రన్‌వేకి దారి చూపే రేడియో సిగ్నల్ పట్టుకుని దిగేటప్పుడు) నీడిల్ వెంట పరుగెడుతున్నానన్నావు. దానికీ మందు ఇదే, అంకె ముందే చేతిలో ఉండటం. 3 డిగ్రీల గ్లైడ్ స్లోప్‌కి (దిగే వాలుదారికి) గ్రౌండ్ స్పీడుని (నేల మీది వేగాన్ని) 5తో హెచ్చవెయ్: 90కి నిమిషానికి 450 అడుగులు. ఎదురుగాలి 15 ఉంటే గ్రౌండ్ స్పీడు 75, దిగాల్సింది 375. గ్లైడ్ స్లోప్ కింది నుంచే పట్టుకో, పైనుంచి దిగుతూ పట్టుకోబోతే దొంగ సిగ్నల్‌కి దొరికిపోయే ప్రమాదం ఉంది. సెస్నా 172లో స్పీడు కదలనివ్వకుండా ఇంజిన్ 100 ఆర్‌పీఎం తగ్గిస్తే సుమారు నిమిషానికి 100 అడుగుల దిగుడు వస్తుంది. ముందు పవర్, పిచ్ పెట్టి పది సెకన్లు ఆగి, ఆ తర్వాత నీడిల్ ఏమంటుందో చూడు.

నీడిల్ ఎందుకంత కంగారు పెడుతుందో కూడా తెలుసుకో. గ్లైడ్ స్లోప్ నీడిల్ చివరిదాకా కొట్టుకోవడమంటే 0.7 డిగ్రీల తేడా. 5 మైళ్ల దగ్గర అది 370 అడుగులు, 1 మైలు దగ్గర 74 అడుగులే. ఎడమ కుడి చూపే లోకలైజర్ నీడిల్ కూడా ఇలాగే లోపలికొచ్చేకొద్దీ బిగుస్తుంది. దూరంలో 5 డిగ్రీల హెడింగ్ దిద్దుబాటు బాగానే ఉంటుంది, లోపలికి వచ్చాక అదే 5 డిగ్రీలు నిన్ను లైను దాటించేస్తుంది. ఆఖరి రెండు మైళ్లలో 2 డిగ్రీలకి మించి దిద్దకు. అంతకన్నా ఎక్కువ కావాల్సొస్తే అప్రోచ్ చెడిపోయినట్టే, గో అరౌండ్ చెయ్, దిగడం మానేసి పైకి లేచిపో. జనవరి తెల్లవారుజామున గన్నవరంలో పొగమంచు కమ్ముతుందే, అలాంటప్పుడు డెసిషన్ ఆల్టిట్యూడ్ (దిగాలా వద్దా తేల్చాల్సిన ఎత్తు) దగ్గర లైట్లు కనపడకపోతే ఒక్క క్షణం కూడా వెతుక్కోకు. పవర్, పిచ్, ఎత్తు పెరుగుతోందని చూశాక ఫ్లాప్స్. మామూలు మిస్డ్ అప్రోచ్ (దిగకుండా పైకెక్కే దారి) 2.5 శాతం వాలుతో గీస్తారు, మైలుకి 152 అడుగులు. గ్రౌండ్ స్పీడు 90 అయితే నిమిషానికి 228. నీ బండి ఆ రోజు ఉష్ణోగ్రతలో, ఆ బరువుతో అంత ఎక్కుతుందా లేదా అనేది బయల్దేరేముందే చూసుకోవాలి.

వాక్యూమ్ పోయిన సంగతి కూడా అడిగావు. పాత ప్యానెల్‌లో ఆటిట్యూడ్ ఇండికేటర్, హెడింగ్ ఇండికేటర్ రెండూ వాక్యూమ్ పంపు మీద నడుస్తాయి, టర్న్ కోఆర్డినేటర్ (విమానం ఎటు, ఎంత వేగంగా తిరుగుతోందో చూపేది) కరెంటు మీద. పంపు ఆగితే ఆటిట్యూడ్ ఇండికేటర్ టక్కున పడిపోదు. గైరో వేగం తగ్గుతూ మెల్లగా ఒరుగుతుంది, మనం దానితోపాటు ఒరుగుతాం. సక్షన్ గేజ్‌ని (పంపు పీల్పు చూపేది) స్కాన్‌లో, అంటే పరికరాల మీద కళ్లు తిప్పే వరుసలో, కలుపుకో. ఆటిట్యూడ్ ఇండికేటర్ బ్యాంక్ చూపిస్తోంది, టర్న్ కోఆర్డినేటర్ నిటారుగా ఉంది, కాంపస్ కదలట్లేదు అంటే ఇద్దరి మాటే నమ్ము. చెడిపోయినదాన్ని వెంటనే కాగితంతో కప్పెయ్, చెడిందని తెలిసినా కన్ను అటే పోతుంది. తర్వాత టర్నులన్నీ గడియారంతో: 60 డిగ్రీలకి 20 సెకన్లు. కాంపస్ చూసి టర్ను ఆపాల్సొస్తే, ఉత్తరానికి తిరిగేటప్పుడు ముందే ఆపు, దక్షిణానికైతే కాస్త దాటనిచ్చి ఆపు. ఎంత ముందు అన్నది అక్షాంశాన్ని బట్టి ఉంటుంది. హైదరాబాదు 17 డిగ్రీల మీద ఉంది కాబట్టి మనకి ఆ తేడా చలిదేశాల్లో కంటే తక్కువ.

ఆదివారంలోగా ఈ హోల్డ్ లెక్క వేసి ఫోటో పెట్టు. ఇన్‌బౌండ్ 270, ఎడమ టర్నులు, స్పీడు 100, గాలి 240 నుంచి 25, నువ్వు 010 హెడింగ్‌తో వస్తున్నావు. ఎంట్రీ ఏది, నాలుగు అంకెలు ఏవి. గడియారం పెట్టుకుని వెయ్, ఎన్ని సెకన్లు పట్టిందో కూడా కింద రాయి. రెండు నిమిషాలు దాటితే ఇంకో గాలి ఇస్తాను.

అమ్మ