పాత ఫైళ్ల గురించి, పెరిగిన రేటు గురించి ఉన్నదున్నట్టు

ఒంగోలు, చీమకుర్తి, టంగుటూరు వైపు నుంచి మా డీటీపీ షాపుకు వచ్చే అందరికీ నమస్కారం. "పోయినసారి మీరు కొట్టిన మ్యాటరే కదా, తేదీ మార్చడానికి ఇంత ఆలస్యమా, పైగా డబ్బులా?" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. అడగాల్సిందే.

మా పనంతా పేజ్‌మేకర్‌లో (పేజీలు కూర్చే అడోబీ కంపెనీ సాఫ్ట్‌వేర్), అను ఫాంట్లతో (పాతకాలం తెలుగు అక్షరాల సెట్) నడిచింది. మాదే కాదు, పాత డీటీపీ వాళ్లు చాలామందిది అదే దారి. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. 2004లోనే అడోబీ దాని అభివృద్ధి ఆపేసింది. అయినా ఇన్నేళ్లు మాకు అన్నం పెట్టింది అదే. ఫొటోషాప్‌ను ఒకసారి డబ్బు కట్టి సొంతం చేసుకునే పద్ధతి సీఎస్6 అనే వెర్షన్‌తో సరి, 2013 నుంచి కొత్తవాటికి అద్దె కట్టాల్సిందే. విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న మామూలు సపోర్టు అయిపోయింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ అయినా ఉండాలి. మా పాత మిషన్లకు ఆ రెండూ లేవు.

ఇదంతా తెలిసిందే. అసలు దెబ్బ వేరే చోట తగిలింది. ఆమధ్య ఒక మిషన్‌లో హార్డ్ డిస్క్ పోయింది. మేం కొన్న ఒక ప్రోగ్రామ్ (కంపెనీ పేరెందుకులెండి) మళ్లీ ఎక్కించాం. సీడీ ఉంది, డబ్బా మీద సీరియల్ నంబర్ ఉంది, బిల్లు కూడా భద్రంగా ఉంది. యాక్టివేషన్ దగ్గర, అంటే మనది అసలు కాపీయేనని కంపెనీ సర్వర్ నెట్‌లో సరిచూసే దగ్గర, ఆగిపోయింది. ఫోన్ చేస్తే, ఆ వెర్షన్‌కు సర్వర్ తీసేశామండీ, కొత్తది తీసుకోండి అన్నారు. పాతదానికి రిపేర్లు చేయం అంటే నేను తప్పుపట్టను, ఎంతకాలమని చేస్తారు? కానీ కొనుక్కున్న ఇంటికి సున్నాలు వేయం అనడం వేరు, తాళంచెవి పట్టుకుపోవడం వేరు.

ఆ తాళాన్ని దొంగదారిన తీసే క్రాక్ వేసుకోమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. మీ ఆధార్ కాపీలు, గ్రానైట్ ఫ్యాక్టరీల ఇన్‌వాయిస్‌లు ఉండే మిషన్‌లో ఎవరో పంపిన క్రాక్ నేను వేయను.

అందుకే ఒక మిషన్‌కు నెట్ తీసేసి పాత ఫైళ్లకే ఉంచాం. అది ఉన్నన్నాళ్లు మీ పాత మ్యాటర్ తెరుచుకుంటుంది. కొత్తగా అద్దె సాఫ్ట్‌వేర్ ఒక్క మిషన్‌కే తీసుకోగలిగాం కాబట్టి ముహూర్తాల రోజుల్లో వరుస తప్పదు. చిన్న చిన్న కరపత్రాలు ఇంక్‌స్కేప్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నాం. అది ఉచితం, యూనికోడ్ తెలుగు (ఇప్పుడు ఫోన్లలో కనిపించే తెలుగు) చక్కగా పడుతుంది. నాలుగు రంగుల ఆఫ్‌సెట్ పనికి మాత్రం మాకింకా కుదరలేదు. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన మండలి, రామభద్ర ఫాంట్లు వాడుతున్నాం. "పాత కార్డులో ఉన్న అక్షరమే కావాలి" అనే పెద్దవాళ్లకు అవి నచ్చడం లేదు, ఏం చేస్తాం.

ఇక ఆలస్యం సంగతి. అనులో కొట్టిన మ్యాటర్‌ను కొత్త సాఫ్ట్‌వేర్‌లో పెడితే తెలుగు కనిపించదు, ఇంగ్లిషు అక్షరాలు, పిచ్చి గుర్తులు పడతాయి. మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి గానీ, మార్చాక ఒత్తులు, సున్నాలు మళ్లీ ఒక్కొక్కటీ కళ్లతో చూసుకోవాలి. శుభలేఖలో ఇంటిపేరు తప్పు పడితే వియ్యంకుల ముందు తలదించుకోవాల్సింది మీరు! ఆ చూసే పనికే పేజీకి వంద రూపాయలు. ఒకసారి మార్చిన ఫైలుకు మళ్లీ తీసుకోం. ఏటా వచ్చే బిల్లు పుస్తకాలు, స్కూలు డైరీలు, గుడి ఉత్సవాల కరపత్రాలు మాత్రం ఉచితంగానే మారుస్తున్నాం. వాటి పీడీఎఫ్ మీ దగ్గర కూడా పెట్టుకోండి. దాన్ని ఎక్కడైనా ప్రింటు తీయించుకోవచ్చు, దిద్దాలంటే మాత్రం మా దగ్గరికి రావాల్సిందే.

కొత్త మ్యాటర్ ఉంటే పాత కార్డు ఫొటో తీసి పంపకండి. వాట్సాప్‌లో తెలుగులో టైప్ చేసి పంపండి, అది యూనికోడే కాబట్టి నేరుగా అతికించుకుంటాం. దానికి అదనపు చార్జీ లేదు. పెన్‌డ్రైవ్ తెస్తే కౌంటర్‌లో ఇవ్వండి, ముందు కొత్త మిషన్‌లో స్కాన్ చేస్తాం. ప్రూఫ్ మీద సంతకం పెట్టాకే ప్రింటింగ్ ప్లేటు వేస్తాం, ఎంత తెలిసినవాళ్లయినా సరే.