కనిగిరి రాయి ఎప్పుడు చల్లారింది

పెర్త్

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు. నాయనకీ అమ్మకీ నమస్కారాలు చెప్పు.

నీ జాబు అందింది. కనిగిరి గ్రానైటు వయసు 128 కోట్ల ఏళ్లని జిర్కాన్ చెప్పేసింది కదా, ఇంక ఆ రాయిలోనే ఉండే వేరే ఖనిజాలు అపటైట్ ఎందుకు, స్ఫీన్ ఎందుకు అన్నావు. ఆ 128 కోట్లు కరిగిన రాయి గడ్డకట్టిన నాటి లెక్కరా. ఆ తర్వాత బండ ఎన్నాళ్లు వేడిగా ఉందో, మధ్యలో మళ్లీ కాలిందో లేదో, ఎప్పుడు నేల పైకి చేరిందో జిర్కాన్‌లోని సీసం చెప్పదు. యురేనియం నుంచి పుట్టిన ఆ సీసం 900 డిగ్రీలు దాటినా గింజ చెడకుండా ఉంటే బయటికి పోదు. స్ఫీన్ 650-700 డిగ్రీల దగ్గర సీసాన్ని పట్టుకోవడం మొదలుపెడుతుంది, అపటైట్ 450-550 దగ్గర. అదే అపటైట్‌లో యురేనియం అణువు చీలినప్పుడు పడే గీతలు, అంటే ఫిషన్ ట్రాకులు, సుమారు 110 డిగ్రీల కిందికి దిగాకే నిలుస్తాయి. యురేనియం నుంచే పుట్టే హీలియం వాయువు ఇంకా కిందికి, 70 దాకా దిగితే గానీ గింజలో ఆగదు. ఈ అంకెలేవీ రాతిమీద చెక్కినవి కావు. గింజ సైజును బట్టి, చల్లారిన వేగాన్ని బట్టి మారతాయని డాడ్సన్ అనే శాస్త్రవేత్త 1973లోనే లెక్క కట్టి చూపించాడు. అందుకే నువ్వు పంపే ప్రతి గింజ వెడల్పూ నాకు కావాలి.

రాయి ఎక్కడ కొట్టాలో ముందు చూసుకో. ఒక్కో చోట 4-5 కిలోలు చాలు. మొరంగా మారిన రాయిలో జిర్కాన్ చెక్కు చెదరదు గానీ అపటైట్ కరిగిపోతుంది, కాబట్టి సమ్మెటతో కొడితే ఖంగుమనే బండే కావాలి. వడ్డెర వాళ్లు మంట పెట్టి పలక లేపిన చోటుకీ, జెట్ బర్నర్ తగిలిన బ్లాకుకీ దూరంగా ఉండు. కొన్ని వందల డిగ్రీల వేడి కాసేపు తగిలితే చాలు, ట్రాకులు చెరిగిపోతాయి. అప్పుడు మనం కొలిచేది కొండ చరిత్ర కాదు, పోయినేడు పెట్టిన మంట. అక్షాంశ రేఖాంశాలతో పాటు సముద్రమట్టం నుంచి ఎత్తు కూడా రాసుకో, ట్రాకులు, హీలియం లాంటి తక్కువ వేడి గడియారాలకి అది లేకపోతే సగం అర్థం పోతుంది. మన చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ మాత్రం తేవద్దు. వ్యాపారంలో గ్రానైటే గానీ అది గ్యాబ్రో అనే వేరే జాతి నల్లరాయి, జిర్కాన్ దొరకడం కష్టం.

క్రషర్ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ముందటి వాళ్ల రాయిలోని జిర్కాన్ ఒక్కటి దవడల సందులో మిగిలినా నీ లెక్క చెడుతుంది. బ్రష్షు, గాలి కొట్టి, ముందు కొంచెం నీ రాయినే వేసి నలగ్గొట్టి పారబోసి, ఆ తర్వాతే అసలు సరుకు వెయ్యి. జల్లెడలో 250 మైక్రాన్ల కిందిది తీసుకుని నీళ్లలో గాలించు. చేతి అయస్కాంతంతో మాగ్నటైట్ లాగేసి, తర్వాత కరెంటు అయస్కాంతంతో గింజల్ని వేరుచేసే ఫ్రాంజ్ యంత్రంలో కరెంటు కొద్దికొద్దిగా పెంచుతూ పో. బయోటైట్ ముందు పోతుంది, ఆ తర్వాత మోనజైట్, ఇంకా తర్వాత స్ఫీన్. అపటైట్, జిర్కాన్ చివరిదాకా మిగులుతాయి.

తేలిక గింజలు తేలి బరువువి మునిగేలా వేరుచేసే బరువు ద్రవానికి బ్రోమోఫామ్ వద్దు, దాని ఆవిరి మంచిది కాదు. సోడియం పాలీటంగ్‌స్టేట్‌ని 2.85 సాంద్రతకి కలుపు. డిస్టిల్డ్ నీళ్లు తప్ప వేరేవి పోయొద్దు. మన బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ, అది టంగ్‌స్టేట్‌తో కలిసి తెల్లగా అడుగున పేరుకుని ఖరీదైన ద్రవం పాడవుతుంది.

ఇక కనిగిరి రాయితో వచ్చే అసలు చిక్కు ఫ్లోరైట్ అనే ఖనిజం. దాని సాంద్రత 3.18, అపటైట్ 3.2. రెండిటికీ అయస్కాంతం అంటదు, ఏ ద్రవంలో వేసినా కలిసే తిరుగుతాయి. మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటీ ఏరుకోవడం ఒక్కటే దారి. క్రాస్డ్ పోలార్లలో, అంటే అడ్డంగా పెట్టిన రెండు పోలరాయిడ్ ఫిల్టర్ల మధ్య, ఫ్లోరైట్ ఎటు తిప్పినా నల్లగానే ఉంటుంది, అపటైట్ పడుకున్నప్పుడు బూడిద రంగులో మెరుస్తుంది. ఊదారంగు చూసి పట్టేయొచ్చు అనుకోకు, రంగులేని ఫ్లోరైటూ ఉంటుంది. హీలియంకి 60 మైక్రాన్లకు తగ్గని వెడల్పున్న, రెండు కొసలూ విరగని గింజలు కావాలి. లోపల జిర్కాన్ నలుసు ఉన్నది అసలు వద్దు. ఆ నలుసులోని యురేనియం అపటైట్‌ని ఉన్నదానికన్నా ముసలిదాన్ని చేసి చూపిస్తుంది.

వీటితోపాటు గులాబీ ఫెల్డ్‌స్పార్ ఒక చెంచాడు వేరే పొట్లం కట్టు. అపటైట్, స్ఫీన్ పుట్టుకతోనే సీసం కొంత తెచ్చుకుంటాయి. అది ఏ పాళ్లలో ఉందో ఫెల్డ్‌స్పార్‌లో చూసి తీసేయకపోతే వయసు తప్పుతుంది.

ట్రాకులు మైక్రోస్కోపులో కనబడాలని నేనిక్కడ అపటైట్‌ని 5.5 మోలార్ నైట్రిక్ ఆమ్లంలో 21 డిగ్రీల దగ్గర 20 సెకన్లు ఉంచుతాను. గదిలో ఏసీ ఆగితే ఆ బ్యాచ్ పోయినట్టే. కొత్త ట్రాకు పొడవు 16 మైక్రాన్లు. సగటు 12కి దిగిందంటే బండ 60, 110 డిగ్రీల మధ్య చాలాకాలం నానిందని లెక్క. ట్రాకుల సంఖ్య కన్నా ఈ పొడవులనే నేను ఎక్కువ నమ్ముతాను.

ఊరికే లెక్కకి, స్ఫీన్ 126 కోట్లు, అపటైట్ సీసం 122 కోట్లు చెప్పాయనుకో. పైన చెప్పిన వాటి వేడి అంకెల నడిమి విలువలు 675, 500 తీసుకుంటే నాలుగు కోట్ల ఏళ్లలో 175 డిగ్రీలు, అంటే పది లక్షల ఏళ్లకి నాలుగు డిగ్రీల పైచిలుకు. మెల్లగానే చల్లారినట్టు. అదే అపటైట్ 50 కోట్లు చెప్పిందా, రెండు చుక్కలూ కలిపి గీత గీసెయ్యొద్దు. తూర్పు కనుమలు 50-55 కోట్ల ఏళ్ల నాడు మళ్లీ వేడెక్కాయి, ఆ సెగ ఇక్కడిదాకా వచ్చిందేమో చూడాలి. చిన్న గింజలు పెద్దవాటికన్నా లేత వయసు చూపిస్తే సీసం వేడికి కారింది. సైజుతో పొత్తు లేకుండా మారితే వేడి నీళ్లు పారి అపటైట్ కొత్తగా పెరిగిందని అనుమానించాలి.

ప్రతి చోటు నుంచీ పిడికెడంత రాయి నలగ్గొట్టకుండా దాచు. ఏ గింజ ఏ ఖనిజం పక్కన కూర్చుందో థిన్ సెక్షన్‌లో, అంటే వెలుతురు దూరేంత పలచగా అరగదీసిన రాతి పలకలో, చూడకుండా నేను సీసం కొలవడానికి లేజర్ పెట్టను. సీసాల మీద మార్కర్‌తో రాసి పైన టేపు అంటించు, స్పిరిట్ తగిలితే సిరా పోతుంది.

మీ అక్క