ఆఖరి ఏడాదికీ ఆసరా కావాలి

సంపాదకుల వారికి,

ఒకప్పుడు తాను అందుకున్న ఫెలోషిప్పును మరిచిపోకుండా, నేటి పరిశోధక విద్యార్థుల కోసం నిధి ఏర్పాటు చేస్తున్న ఒక మాజీ ఫెలో గురించి మీ పత్రికలో చదివి సంతోషించాను. నేనూ అలాంటి సాయంతోనే పిహెచ్‌డి పూర్తిచేసినవాణ్ణి కాబట్టి, ఆ నిధిని ఎలా వాడాలన్న విషయంలో ఒక మాట మనవి చేయదలిచాను.

ఇలా ఇచ్చినవారు లోకంలో ఉన్నారు. రోడ్స్ స్కాలర్‌షిప్పుతో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్న కెనడా వ్యాపారవేత్త జాన్ మెక్‌కాల్ మెక్‌బెయిన్ 2013లో తమ ఫౌండేషన్ ద్వారా అదే రోడ్స్ ట్రస్టుకు 7.5 కోట్ల పౌండ్లు ఇచ్చారు. పరిశోధక విద్యార్థినిగా ఉండగానే 1967లో పల్సార్ల (క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే నక్షత్రాల) జాడ పట్టిన జోస్లిన్ బెల్ బర్నెల్, 2018లో తనకు వచ్చిన 30 లక్షల డాలర్ల బ్రేక్‌త్రూ బహుమతిని, భౌతికశాస్త్రంలో తగిన చోటు దొరకని వర్గాల పిహెచ్‌డి విద్యార్థుల కోసం ఇచ్చేశారు. పల్సార్ల విషయమై 1974లో నోబెల్ ఆమె గైడుకు దక్కిందే తప్ప ఆమెకు రాలేదని గుర్తుచేసుకుంటే, ఆ దానం మరింత పెద్దదిగా కనిపిస్తుంది.

మాజీ ఫెలోల్లో అంత ఇవ్వగలిగినవారు అరుదు. అయినా ఇచ్చేది ఎంతైనా, ఇచ్చే పద్ధతి మాత్రం దాదాపు ఒకటే: ఒకరి పేరిట శాశ్వత నిధి, ఏటా ఒకరికి ఫెలోషిప్పు. అసలు సొమ్ము కరగకుండా ఏటా నాలుగు శాతమే వాడుకోవాలంటే, ఒక విద్యార్థికి ఏడాది భృతి ఇవ్వడానికి దానికి 25 రెట్లు జమచేయాలి. అదే సొమ్మును ఖర్చుపెట్టడానికే ఇస్తే 25 మంది ఏడాదిపాటు గట్టెక్కుతారు.

గట్టెక్కడం అని ఊరికే అనలేదు. నా ఫెలోషిప్పు గడువు ముగిసేనాటికి థీసిస్‌లో రెండు అధ్యాయాలు మిగిలాయి. పైగా డబ్బు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ పత్రంలో ఒక పేజీ మీద గైడు సంతకం లేదన్న కారణంతో చివరి వాయిదా సొమ్ము ఏడు నెలలు ఆగిపోయింది. (ఆ లోపం ఉందన్న కబురు అందడానికే నాలుగు నెలలు పట్టింది.) హాస్టల్ ఖాళీ చేసి, పగలు ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు అట్టపెట్టెలోని నోట్సు కట్టలు విప్పితే, ఏ కాగితం మీద ఏమి ఎందుకు రాసుకున్నానో గుర్తుతెచ్చుకోవడానికే గంట గడిచిపోయేది. ఆరు నెలల్లో తేలవలసిన పని రెండేళ్లు సాగింది. నాతో చేరిన ఇద్దరు ఆ దశలోనే మానేశారు. వారికి తెలివితేటలు తక్కువై మాత్రం కాదు.

చేరేటప్పుడు ఇచ్చే ఫెలోషిప్పులు కొన్నైనా ఉన్నాయి. గడువు తీరిపోయాక ఆదుకునేవి చాలా తక్కువ. ఇలాంటి సాయం జాప్యాన్ని ప్రోత్సహిస్తుందనే అభ్యంతరాన్ని నేను కొట్టిపారేయను. రాసిన అధ్యాయాలు చూపినవారికే, ఒక్కసారే, ఆరు నెలలకు మించకుండా ఇస్తే ఆ భయం చాలావరకు తీరుతుంది. దరఖాస్తు ఒక పేజీ దాటకూడదు, నిర్ణయం రెండు వారాల్లో రావాలి. ఎంపిక సంఘంలో దాత కూర్చోకపోవడం మంచిది. తన డబ్బు ఎవరికి వెళ్తోందో చూడాలన్న కోరిక సహజమే కానీ, తన శాఖ, తన గైడు శిష్యులు అనే మమకారం కూడా అంతే సహజం.

నిధి నియమావళి ఖరారు చేసేముందు, ఫెలోషిప్పు ఆగిపోయినా థీసిస్ ఇంకా సమర్పించని విద్యార్థులను నలుగురినైనా పిలిచి మాట్లాడవలసిందిగా ఆ దాతను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక మాజీ ఫెలో