టెలిగ్రాంలో చిరునామాకూ వెల కట్టారు

సంపాదకులకు నమస్కారం.

మన దేశంలో తొలినాళ్ల టెలిగ్రాంలపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బాగుంది గానీ, రుసుము దగ్గర ఒక ముఖ్యమైన సంగతి జారిపోయింది. 1855 ఫిబ్రవరిలో తంతి సౌకర్యాన్ని ప్రజలకు తెరిచినప్పుడు 400 మైళ్ల దూరానికి 16 పదాలకు ఒక రూపాయి చొప్పున వసూలు చేశారు. ఆ 16 పదాల్లోనే చిరునామా కూడా లెక్కకు వచ్చేది. పేరు, వీధి, ఊరు కలిసి ఐదారు పదాలు మింగేస్తే అసలు కబురుకు మిగిలేవి పది. దూరాన్ని బట్టి రుసుమూ పెరిగేది కనుక 1,200 మైళ్లకు అదే కబురు 3 రూపాయలయ్యేది. ఆ రోజుల్లో అది సామాన్యుడికి అందే మొత్తం కాదు.

పదాల లెక్క మా తరం దాకా వచ్చింది. నేను తంతి కౌంటరులో కూర్చున్నప్పుడు పెన్సిలు మొనతో ఒక్కొక్క పదాన్నీ తాకుతూ లెక్కించేవాణ్ణి. ఒక పెద్దాయన ఫారం నిండా రాసి తెచ్చి, డబ్బు ఎంతో చెప్పగానే ఒక్కొక్క మాటే కొట్టేసుకుంటూ పోయి, చివరకు ‘మదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ’ అని మాత్రం మిగిల్చారు.

వ్యాసకర్త తరువాయి భాగంలో ఈ చిరునామా నియమాన్ని చేర్చగలరని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత తంతి ఉద్యోగి,
రాజమహేంద్రవరం.